నరసింగరావు మేస్టారి బీరువా

నరసింగరావు మేస్టారి చేతికిచ్చిన వస్తువు ముప్ఫయ్యేళ్ళయినా పాడవదని గజపతినగరం చుట్టుపక్కల నాలుగూళ్ళలో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. పెళ్ళికి అత్తవారు పెట్టిన చేతిగడియారం ఇంకా దాని డబ్బాలోనే ఉంది. స్కూటరు కొన్నప్పుడు సీటుకి తొడిగి ఇచ్చిన ప్లాస్టిక్ కవరు, స్కూటరు రంగంతా ఊడిపోయాక కూడా సీటుమీదే ఉంది. ఎండాకాలం దానిమీద కూర్చుంటే కాలుతుంది, వానాకాలం జారుతుంది. అయినా తీయడానికి ఆయనకి మనసొప్పదు. టీవీ రిమోటుకి పాలిథిన్ సంచి, ఆ సంచికి రబ్బరు బ్యాండు. మిక్సీ అట్టపెట్టెలో భద్రంగా ఉంటే, దాని పక్కనే కూర్చుని ఆయన భార్య కూర్మమ్మ రుబ్బురోట్లో పిండి రుబ్బుతూ ఉంటుంది.

"నన్ను కూడా బీరువాలో ఎట్టీసీవోడే. గాలాడక సచ్చిపోతానని ఊరుకున్నాడు," అని ఆవిడ కుళాయి దగ్గర కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. కోపం రాకపోగా, భార్య తనని పొగిడిందనే అనుకున్నాడు.

ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న హైస్కూలుకి ఆయన హెడ్మాస్టరు. అదే ఆవరణలో ప్రైమరీ స్కూలు కూడా ఉండేది. 2011లో, చూపు, వినికిడి, నడక సరిగా లేని పిల్లల కోసం మండలానికంతా కలిపి ఒక గది ఇవ్వమని పైనుంచి ఉత్తర్వు వస్తే, మేస్టారు తన స్కూల్లో మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టుకునే గదిని చూపించాడు. ఆ పిల్లలకని వచ్చే సామాను పెట్టడానికి ఆకుపచ్చ ఇనప బీరువా ఒకటి తెప్పించాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. స్నానానికి వెళ్ళినా అది ఒంటిమీదే ఉండేది.

ముందుగా వచ్చినవి చూపులేని పిల్లల పుస్తకాలు. కట్ట విప్పి చూసి మేస్టారు గుండెలు బాదుకున్నాడు. ఏ పేజీ తిప్పినా బొడిపెలే. లారీలో వానకి తడిసి ఉబ్బిపోయాయనుకున్నాడు. సిరా కొట్టుకుపోయి అక్షరం ముక్క కూడా మిగల్లేదని ఇంకా బాధపడ్డాడు. ఎవరినీ ఏమీ అనకుండా, తన సొంత తెలివితో, ఆ పుస్తకాలని ఆరు బియ్యం బస్తాల కింద పెట్టించి రెండు నెలలు ఉంచాడు. తీసి చూస్తే పేజీలు ఇస్త్రీ చేసినట్టు సాపుగా ఉన్నాయి. అవి వేళ్ళతో తడిమి చదివే అక్షరాలని తర్వాత ఎవరో చెప్పారు. ముందే ఎందుకు చెప్పలేదని చెప్పినవాళ్ళ మీద ఆయన ఏడాదిపాటు కోపం పెట్టుకున్నాడు.

ఒకటి మాత్రం ఒప్పుకుని తీరాలి. మేస్టారు దొంగ కాదు. స్కూలు చాక్‌పీసు ముక్క కూడా ఇంటికి తీసుకుపోయిన మనిషి కాదు. నాకైతే దొంగే నయమనిపిస్తుంది. దొంగ ఆ సామాను ఎత్తుకుపోయి ఎవరికో అమ్మేవాడు, అదైనా ఒక మనిషికి పనికొచ్చేది. నిజాయితీపరుడి చేతిలో పడింది గనక ఎవరికీ పనికిరాకుండా పోయింది.

ఆ స్కూల్లో పిల్లలకి వంట చేసే మనిషి లీలారాణి. భర్త లేడు, బాప్టిస్టు చర్చి వెనకాల ఒంటిగది ఇల్లు. ఆమె కూతురు దీవెన అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల, నాలుగో తరగతి. దీవెనకి పుట్టినప్పటినుంచీ వినికిడి చాలా తక్కువ. పక్కనే పళ్ళెం పడితే తిరిగి చూసేది గానీ, పేరు పెట్టి పిలిస్తే తెలిసేది కాదు. మాటలు కూడా సగం సగమే వచ్చేవి. 'అమ్మ' అనేది, 'అన్నం' అనేది, మిగతావి తల్లికి తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు.

ఆ ఏడాదే విజయనగరంలో చెవి పరీక్షల క్యాంపు పెడితే లీలారాణి కూతుర్ని తీసుకుని బస్సెక్కింది. అక్కడ డాక్టరమ్మ పిల్ల చెవిలో గులాబీరంగు ముద్ద పెట్టి, చెవి లోపలి ఆకారానికి అచ్చు తీసింది. ఆ అచ్చుకి సరిపడా ముక్క తయారుచేసి వినికిడి మిషనుకి తగిలిస్తేనే అది చెవిలో బిగువుగా కూర్చుంటుందని చెప్పింది. పరీక్ష కోసం అక్కడున్న మిషనొకటి కాసేపు పెట్టి చూసింది. అప్పుడే లీలారాణి చెమట తుడుచుకోబోతే చేతి గాజులు కదిలాయి. దీవెన చటుక్కున తిరిగింది. తల్లి చెయ్యి పట్టుకుని ఊపింది, విన్నది, మళ్ళీ ఊపింది. నవ్వు ఆపుకోలేకపోయింది. మిషను తీసేశాక, తిరుగు బస్సులో గజపతినగరం దాకా ఆ గాజుల్ని ఊపుతూనే కూర్చుంది. ఎంత ఊపినా ఏమీ వినపడక తల్లి ముఖంలోకి చూసేది. లీలారాణి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

డాక్టరమ్మ ఆమెతో చెప్పిన మాటలు మూడు. మిషను వచ్చిన రోజునుంచే పెట్టాలి. పిల్లతోపాటు చెవీ పెరుగుతుంది కాబట్టి ఏడాదికోసారి ఆ అచ్చు ముక్క మార్పించుకోవాలి. మాటలు వచ్చే వయసు దాటిపోతే తర్వాత ఎంత మంచి మిషను పెట్టినా కష్టం. లీలారాణి ఈ మూడూ బైబిలు వచనాల్లా బట్టీపట్టింది.

ఎనిమిది నెలలకి మిషను వచ్చింది. బీరువా ముందు బెంచీలు వేసి, పిల్లలందరి చేతా సామాను పట్టించి, మేస్టారు ఫోటో తీయించాడు. ఫోటో అయిపోగానే అన్నీ వెనక్కి తీసుకుని, తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"మేస్టారూ, అదేటండి, పిల్లకి ఇవ్వరేటి?" అంది లీలారాణి.

"ఎందుకివ్వనమ్మా, దాందే కదా. కానీ ఇది సూడు," అని మేస్టారు డబ్బాలో ఉన్న కాగితం తీసి వేలు పెట్టి చదివాడు. బ్యాటరీలు బిళ్ళల్లా చిన్నగా ఉంటాయి, పసిపిల్లలు మింగేస్తారని కంపెనీవాళ్ళు వేసిన హెచ్చరిక అది. "చిన్నపిల్లలకి అందకుండా ఉంచవలెను. నేను సెప్పడం కాదు, తయారుచేసినవాడే రాసేడు. దీవెన చిన్నపిల్లా, పెద్దమనిషా?"

"సిన్నపిల్లేనండి."

"మరి?"

లీలారాణి వంటగదిలోకి పోయింది. గట్టిగా అడగాలంటే వంటపని పోతుందని భయం. ఆ వంటపని ఉంచాలన్నా తీసేయాలన్నా మేస్టారి చేతిలోనే ఉంది.

అయినా అడగడం మానలేదు. బియ్యం కొలిపించుకోవడానికి రోజూ ఆ గదిలోకి వెళ్ళేది, బీరువా వైపు చూసేది, అడిగేది. వానాకాలం అడిగితే తేమకి పాడైపోతుందనేవాడు. ఎండాకాలం అడిగితే చెమటకి తుప్పు పడుతుందనేవాడు. చలికాలంలో ఒకసారి అడిగింది. అప్పుడు ఆయనకి సాకేదీ తోచక, "సంక్రాంతి సెలవులొస్తున్నాయి కదా, ఇప్పుడెందుకు," అన్నాడు.

ప్రతి విజయదశమికీ బీరువా తలుపులు బార్లా తెరిచేవాడు. లోపలి సామాను మొత్తం బయట పెట్టించి, వాటికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి పూజ చేయించేవాడు. మిషను డబ్బాల మీద చామంతిపూలు పెట్టేవాడు. చక్రాల కుర్చీ ముందు నిమ్మకాయ పెట్టి, చక్రంతో తొక్కించి, మళ్ళీ వెనక్కి లాగి లోపల పెట్టించేవాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ కుర్చీ తిరిగిన దూరమంతా కలిపితే జానెడు. అది ఎవరి పేరున వచ్చిందో ఆ రాముడు, నడవలేని పిల్లాడు, వాళ్ళ నాయనమ్మ చంకలో వచ్చి, ప్రసాదం తిని, అదే చంకలో ఇంటికి పోయేవాడు. ఆ ముసలమ్మ నడుం పడిపోయాక బడికే రావడం మానేశాడు. కుర్చీ మాత్రం మరుసటేడాది కూడా నిమ్మకాయ తొక్కింది.

చర్చిలో ప్రతి ఆదివారం ఎలీషా పాస్టరుగారు దీవెన తలమీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ చెవులు తెరువు ప్రభువా అని ప్రార్థన చేసేవారు. ఒకనాడు లీలారాణి ఆయన్ని మధ్యలోనే ఆపింది.

"సెవుల సంగతి దేవుడికి ఇదివరకే సెప్పున్నాం అయ్యగారూ. ఆయన మిషను పంపించీసినాడు కూడా. ఇప్పుడా బీరువా తెరుసుకోవాలని పార్తన సెయ్యండి."

పాస్టరుగారు నవ్వలేదు. బీరువా కోసం కూడా ప్రార్థన చేశారు. మర్నాడు వెళ్ళి మేస్టారితో మాట్లాడారు కూడా. మేస్టారు ఆయనకి టీ తెప్పించి, బీరువా తెరిచి, డబ్బాలో దూదిమీద పడుకోబెట్టిన మిషను చూపించి, "మీరే సెప్పండి అయ్యగారూ, ఇంత జాగర్తగా ఆ తల్లి ఉంచగలదా?" అన్నాడు. పాస్టరుగారు టీ తాగి వచ్చేశారు.

2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది. స్కూలు వరండా రేకులు ఎగిరి చెరకుతోటలో పడ్డాయి. లీలారాణి ఇంటిపైన కప్పు మిగల్లేదు. మేస్టారు మోకాల్లోతు నీళ్ళలో స్కూలుకి వెళ్ళి బీరువా తెరిచి చూసుకున్నాడు. చుక్క తడి లేదు. "ఆ రోజే దానికిచ్చుంటే ఏటయ్యీది? ఆ ఇంటితోపాటు కొట్టుకుపోయేది," అని తర్వాత నెల రోజులు ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. ఆ మాట వంటగదిలో పొయ్యి ఊదుతున్న లీలారాణి ముందు కూడా చెప్పాడు. ఆమె పొయ్యి ఊదుతూనే ఉంది.

మరుసటేడాది విజయనగరం నుంచి ఇన్‌స్పెక్షనుకి పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురు. దీవెన అప్పటికి ఎనిమిదో తరగతి, పదమూడేళ్ళ పొడుగాటి పిల్ల. మేస్టారు ముందురోజే లీలారాణిని పిలిచి, పిల్లకి తలంటు పోసి, రిబ్బన్లు కట్టి తీసుకురమ్మన్నాడు. "రేపు మిషను పెడతాం," అన్నాడు. ఆ మాట కోసం ఆమె మూడేళ్ళు ఎదురుచూసింది. ఇంటికెళ్ళి కూతురికి చేతులతో సైగలు చేసి చెప్పింది. దీవెన వెంటనే తల్లి గాజుల మీద చెయ్యి వేసింది. నాలుగేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నాన్ని పిల్ల మరిచిపోలేదు.

ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాక మేస్టారు కొత్త బ్యాటరీ వేసి, తన చేతులతోనే మిషను దీవెన చెవిలో పెట్టబోయాడు. అచ్చు ముక్క తొమ్మిదేళ్ళ పిల్ల చెవికి తీసింది. బీరువాలో ఉండి ఉండి ఎండిపోయి రాయిలా గట్టిపడింది కూడా. సరిగా కూర్చోలేదు. మేస్టారు బొటనవేలితో నొక్కాడు. అంతే, చెవిలోంచి కీచుమని ఈల మొదలైంది. కుక్కరు విజిలంత కాకపోయినా, ఆ గదిలో అందరికీ వినపడేంత.

"ఏమిటా సౌండు?" అన్నాడు ఆఫీసరు.

మేస్టారు ముఖం వెలిగిపోయింది. "పని చేస్తంది సార్. ఇచ్చి మూడేళ్ళు దాటింది. కూత ఇంకా ఎంత గట్టిగా ఉందో మీరే సూడండి."

ఆఫీసరు విన్నాడు. తల ఊపాడు. జిల్లాలో తిరిగిన చోటల్లా మిషన్లు పోయాయనో, విరిగాయనో వింటూ వచ్చాడు పాపం, కూత పెట్టే మిషను ఇదే మొదటిది. "వెరీ గుడ్. మెయింటెనెన్సంటే ఇదీ," అని పక్కవాణ్ణి రాసుకోమన్నాడు. ఫోటోకి దీవెనని నవ్వమని మేస్టారు సైగ చేశాడు. నొప్పికి ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా నవ్వింది. లీలారాణి ఆమె వెనక నిలబడి చేతి గాజులు ఊపింది. ఇంకా గట్టిగా ఊపింది. ఆ ఈలలో పిల్లకి ఏమీ వినపడలేదు, తిరిగి చూడలేదు.

ఆఫీసరు వెళ్ళగానే మిషను మళ్ళీ బీరువాలోకి పోయింది. ఆ ఏడాది స్కూలుకి షీల్డు వచ్చింది. దానికి కూడా ప్లాస్టిక్ కవరు తొడిగారు.

శ్రీకాకుళం నుంచి ఝాన్సీ అనే అమ్మాయి ఈ పిల్లలకి టీచరుగా వచ్చింది షీల్డు వచ్చిన తర్వాతే. వారానికి రెండు రోజులు బస్సు దిగి నడిచి వచ్చేది. వచ్చిన మొదటిరోజే లీలారాణి ఆమెని వంటగదిలో కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. ఝాన్సీ నేరుగా మేస్టారి దగ్గరికి పోయింది.

"సార్, ఆ ఈల మిషను పని చేస్తున్నందుకు రాలేదండి. అచ్చు సరిపోక సౌండు బయటికి కారిపోతే వస్తాది. చెవి పెరిగిపోయింది. కొత్త అచ్చు తీయించాలి."

"చెవి పెరగడమేటమ్మా?" అన్నాడు మేస్టారు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. తన దగ్గరున్న వస్తువులేవీ పెరగవు మరి. "షీల్డొచ్చిన మిషనది. ఇప్పుడు దాని ముక్క మార్చీస్తే రేపు ఆఫీసరొచ్చి ఏదీ ఆ మిషనంటే ఏటి సూపించను? పై నుంచి లెటరు తెప్పించు, ఇస్తాను."

ఝాన్సీ లెటరు రాసింది. అది విజయనగరంలో ఒక టేబుల్ మీద వర్షాకాలం గడిపి, ఇంకో టేబుల్ మీద ఎండాకాలం గడిపింది. చివరికి ఆ అమ్మాయే విసిగి, సెలవు పెట్టి, దీవెనని తీసుకెళ్ళి చెవికి కొత్త అచ్చు తీయించింది. ముక్క తయారై వచ్చేసరికి 2017 వచ్చింది. దీవెన పదో తరగతి పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. లెటరు కూడా ఎలాగో అప్పుడే వచ్చింది.

మేస్టారు మొలతాడు తాళంచెవితో బీరువా తెరిచాడు. ఝాన్సీ కొత్త ముక్క తగిలించి, దీవెన చెవిలో పెట్టింది. ఈసారి చక్కగా, బిగువుగా కూర్చుంది. నొప్పి లేదు, ఈల లేదు. లీలారాణి గాజులు ఊపింది. దీవెన తల్లి పెదాల వైపు చూస్తూ ఉండిపోయింది. ఝాన్సీ మిషను తీసి, వెనక చిన్న మూత తెరిచి చూసింది. ఆఫీసరు వచ్చిన రోజున వేసిన బ్యాటరీ అలాగే ఉండిపోయి, కారి, లోపలి తీగలన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

"పోయిందండి," అంది ఝాన్సీ.

మేస్టారు మిషను చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. "ఎవరూ ముట్టుకోలేదే. ఒక్కరోజు కూడా వాడలేదే. వాడకుండా ఎలా పాడవుతాదమ్మా?"

"వాడనందుకే పాడైంది సార్."

ఆ రోజు మేస్టారు ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు. జీవితంలో మొదటిసారి తన చేతిలో ఒక వస్తువు పాడైందని దిగులు. కూర్మమ్మ ఎంత అడిగినా చెప్పలేదు. ఆ దిగులంతా మిషను గురించే. మిషనుకి ఒక చెవి ఉండాల్సిందని, ఆ చెవికో పిల్ల ఉందని, ఆ పిల్లకి ఆరేళ్ళు పోయాయని ఆయన మనసులోకి ఇంకా రాలేదు. కొత్త మిషనుకి పేరు రాయించారు. ఎనిమిది నెలలో, ఏడాదో పడుతుందన్నారు. వచ్చినా ఇక మాటలు అంత తేలిగ్గా రావని, వినపడే చప్పుడు ఏమిటో నేర్చుకోవడానికే ఏళ్ళు పడుతుందని ఝాన్సీ లీలారాణికి దాచకుండా చెప్పేసింది.

పరీక్షలయ్యాక, ఏప్రిల్ నెలాఖరున మేస్టారి రిటైర్మెంటు. స్కూలు హాల్లో సన్మానం. ఆ పెద్ద ఆఫీసరే వచ్చాడు. కప్పిన శాలువాని మేస్టారు వెంటనే మడతపెట్టి దాని కవర్లో పెట్టేసుకున్నాడు, అందరూ నవ్వారు. ఒకాయన షీల్డు గురించి చెప్పాడు. ఇంకొకాయన తుఫానుకి తడవని బీరువా గురించి చెప్పాడు. ఈయన చేతిలో పెట్టిందేదైనా నేటికీ కొత్తదేనని ఆఫీసరు మైకులో అన్నాడు. చివర్లో ఎవరికో బుద్ధి పుట్టి, చిన్న ఉద్యోగులు కూడా రెండు మాటలు చెప్పాలంటూ వంట చేసే లీలారాణిని వేదిక మీదికి పిలిచారు.

ఆమె చేతులు చీర కొంగుకి తుడుచుకుని మైకు ముందు నిలబడింది. దీవెన ముందు వరసలో కూర్చుని తల్లి ముఖమే చూస్తోంది.

"నాకిందులో మాటాడ్డం రాదండి. మేస్టారు శానా జాగర్త మనిషండి. పెద్దబాబు సెప్పినారు కదా, ఆరి సేతిలో ఎట్టింది ఏదైనా కొత్తగానే ఉంటాదని. నిజవేనండి. నాలుగో తరగతిలో నా పిల్లని ఆరి సేతిలో ఎట్టినాను. ఇప్పుడు పదోది అయిపోనాది. దాని సెవులు సూడండి బాబూ. అలగే కొత్తగా ఉన్నాయి. ఆరేళ్ళలో ఒక్క మాట కూడా వాటిలో పడనీలేదు మేస్టారు."

మైకు గరగరలాడుతోంది, వెనక వరసల్లో పులిహోర పొట్లాలు పంచుతున్నారు. ఆమె గొంతు మెత్తగా ఉంది, మేస్టారి పేరు వచ్చింది, మాట ముగిసింది. అది పొగడ్త కాక మరేమవుతుంది? హాలంతా చప్పట్లు కొట్టింది. ఆఫీసరు కూడా కొట్టాడు. ఝాన్సీ కొట్టలేదు.

దీవెన అటూ ఇటూ చూసింది. అందరి చేతులూ కదులుతున్నాయి. తన తల్లికే ఆ చప్పట్లని అర్థమై ముఖమంతా నవ్వుతో తనూ మొదలుపెట్టింది. ఆ తర్వాత తల్లి మీంచి చూపు తిప్పలేదు. అందరూ ఆపేశారు. ఆపేశారని ఆ పిల్లకి తెలియలేదు. చప్పుడు లేని ఆ హాల్లో ఒక్క జత చేతులు ఆగకుండా కొడుతూనే ఉంటే, దండల మధ్య కూర్చున్న నరసింగరావు మేస్టారు తల వంచుకుని చివరిదాకా వినవలసి వచ్చింది.